యూనివర్సిటీ లైబ్రరీలో యూజర్ సర్వే ఎలా చేయాలి: ‘బాగుంది సార్’ దగ్గర ఆగిపోకుండా

న్యాక్ (కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) టీమ్ వస్తోందని తెలియగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. “సార్, లైబ్రరీ యూజర్ సర్వే చేయమన్నారు. మీ దగ్గర ఫారం ఉంటే వాట్సాప్‌లో పెట్టండి.” పెట్టడానికి రెండు నిమిషాలు చాలు, కానీ పెట్టను. ఇంకో లైబ్రరీ ఫారంతో సర్వే చేస్తే ఆ లైబ్రరీ సమస్యలకే జవాబులొస్తాయి. అందుకని ఫారం బదులు పద్ధతి రాసి పెడుతున్నాను. ఇకపై అడిగినవాళ్లకు ఇదే పంపుతాను.

నా మొదటి సర్వే సంగతి చెప్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఐదుకి 4.2 సగటు వచ్చింది. రంగుల చార్టు గీయించి నోటీసు బోర్డులో పెట్టాం. అదే వారం రీడింగ్ హాల్ ఎనిమిదింటికే మూసేస్తున్నారని పిల్లలు దుప్పట్లు తెచ్చుకుని మెట్ల మీద కూర్చున్నారు. తర్వాత ఫారం తీసి చూస్తే, అందులో వేళల గురించి ఒక్క ప్రశ్నా లేదు. 4.2 తప్పుడు లెక్కేం కాదు. వాళ్లను బాధపెడుతున్నదాన్ని నేను అడగనే లేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కోర్సుల వారీగా విద్యార్థుల సంఖ్య. పరీక్షల విభాగంలో దొరుకుతుంది. రీసెర్చ్ స్కాలర్లు, అధ్యాపకుల సంఖ్య విడిగా తీసుకోండి.
- గత ఏడాది గేటు రిజిస్టరు, ఇష్యూ లెక్కలు. కోహా, సోల్ లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే రిపోర్టు పది నిమిషాల్లో వస్తుంది.
- గూగుల్ ఫారం, దాంతోపాటు ఓ రెండొందల ప్రింట్లు. రెండూ కావాలి.
- మూత మీద చీలిక ఉన్న తాళం పెట్టె ఒకటి.
- లైబ్రరీ సిబ్బంది కాని ఇద్దరు. లైబ్రరీ సైన్స్ పీజీ విద్యార్థులైతే మరీ మంచిది.
- ఆరు వారాల సమయం. వారంలో తేల్చమంటే, అది సర్వే కాదని పైవాళ్లకు మెల్లగా చెప్పండి.

న్యాక్ కోసం చేసే స్టూడెంట్ శాటిస్‌ఫాక్షన్ సర్వే ఉంది కదా, ఇది మళ్లీ ఎందుకు అని కొందరంటారు. అది బోధన గురించి. మీ లైబ్రరీలో ఏ ఫ్యాను తిరగడం లేదో అందులో తెలియదు.

1. మీరు మార్చగలిగినవి ముందు రాసుకోండి

ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో లైబ్రేరియన్ తన సంతకంతో మార్చగలిగినవి రాయండి: సీటు నిబంధనలు, బ్యాగ్ కౌంటర్, ర్యాకుల సర్దుబాటు, కొత్తవాళ్లకు ఓరియంటేషన్. రెండో గడిలో రిజిస్ట్రార్ దాకా వెళ్లాల్సినవి: రాత్రి వేళలు, సెక్యూరిటీ, టాయిలెట్ల మరమ్మతు. మూడో గడిలో డబ్బు, పోస్టులు వస్తే తప్ప కదలనివి.

మొదటి రెండు గడుల్లోంచే ఎక్కువ ప్రశ్నలు రావాలి. మూడో గడి నుంచి ఒకటో రెండో చాలు. ఏడాదికేడాది “కొత్త భవనం కావాలా?” అని అడిగి ఏమీ చేయకపోతే, మూడో ఏడు మీ ఫారం ఎవరూ ముట్టుకోరు.

2. ఎవరిని అడగాలి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. రీడింగ్ హాల్లో కూర్చున్నవాళ్లకు ఫారాలు పంచేసి, అయిపోయిందనుకుంటారు. అక్కడ కూర్చున్నవాళ్లు ఎంతో కొంత సర్దుకుపోయినవాళ్లే. విసిగిపోయి రావడం మానేసినవాడి మాట మీకు అందదు. నాలుగున్నర బస్సుకి వెళ్లిపోయే డే స్కాలర్లు, ల్యాబ్ దాటి రాని సైన్స్ స్కాలర్లు, వేళ దాటితే హాస్టల్ గేటు మూసేస్తారని రాత్రి రాలేకపోయే అమ్మాయిలు, వీళ్లంతా మీ యూజర్లే.

అందుకని సీట్ల దగ్గర కాకుండా రోల్ నంబర్ల జాబితా నుంచి మొదలుపెట్టండి. 4,000 మంది విద్యార్థులున్నారనుకుందాం. 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాతో చెప్పాలంటే సుమారు 351 జవాబులు కావాలి. 1,000 మందికైతే 278, 10,000 మందికైతే 370. సంఖ్య పదింతలైనా నమూనా పదింతలు కాదని గమనించండి. సగం మందే జవాబిస్తారనుకుంటే 700 మందిని అడగాలి. అంటే మొదటి నంబరు లాటరీ తీసి, జాబితాలో అక్కడి నుంచి ప్రతి ఐదో నంబరు తీసుకుంటే సరిపోతుంది. స్కాలర్లు, అధ్యాపకులు తక్కువమందే కాబట్టి అందరినీ అడిగేయండి.

హెచ్చరిక: ఈ అంకెలు లాటరీ పద్ధతిలో ఎంచుకున్నప్పుడే వర్తిస్తాయి. వాట్సాప్ గ్రూపుల్లో లింకు వదిలితే వెయ్యి జవాబులొచ్చినా ఆ ‘5 శాతం తేడా’ అనే మాట వాడకూడదు.

జాబితా తీసుకునే ఓపిక లేదా? అయితే తరగతి గదికి వెళ్లండి. లాటరీ తీసి పది క్లాసులు ఎంచుకుని, పీరియడ్ చివరి పది నిమిషాలు అడగండి. లైబ్రరీ మొహం చూడనివాళ్లు కూడా అక్కడ దొరుకుతారు.

మన దగ్గర ఇంకో వర్గం ఉంది. కోర్సు అయిపోయినా గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకుంటూ ఉదయం నుంచి కూర్చునేవాళ్లు. వీళ్లను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. నేనైతే తీసుకుంటాను, కానీ విడి గుంపుగా. ఫారంలో ‘కోర్సు అయిపోయింది, పోటీ పరీక్షలకు చదువుతున్నాను’ అన్న గడి పెట్టి, కింద ‘ఇది చూసి ఎవరినీ బయటకు పంపం’ అని రాయండి. అది లేకపోతే అందరూ ఎమ్మే రెండో సంవత్సరమే అని టిక్కు పెడతారు.

3. ప్రశ్నలు రాయడం

మొత్తం పదిహేను దాటకూడదు. ఐదు నిమిషాల్లో అయిపోవాలి.

‘తృప్తిగా ఉన్నారా?’ అన్న ప్రశ్నకు మన పిల్లల జవాబు ఒక్కటే, ‘బాగుంది సార్’. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర బాగుందా అని అడిగినట్టే. కాబట్టి అభిప్రాయం బదులు జరిగిన సంగతి అడగండి.

తప్పు: “పుస్తకాలు, జర్నల్స్ మీ అవసరాలకు సరిపోతున్నాయా?” ఒకే ప్రశ్నలో రెండు విషయాలు. ‘లేదు’ అంటే ఏది లేనట్టు?

సరైనది: “గత నెల రోజుల్లో మీకు కావాల్సిన పుస్తకం దొరకలేదా? దొరక్కపోతే ఏం జరిగింది?” కింద జవాబులు ఇలా ఇవ్వండి:

- కేటలాగులోనే లేదు
- కేటలాగులో ఉంది, ర్యాకులో లేదు
- వేరేవాళ్లు తీసుకెళ్లారు
- రెఫరెన్స్ కాపీ మాత్రమే ఉంది, ఇంటికివ్వలేదు
- ఎక్కడ వెతకాలో తెలియలేదు
- కావాల్సినవన్నీ దొరికాయి
- నేను పుస్తకమే వెతకలేదు

ఒక్కో జవాబు మీకు ఒక్కో పని చెప్తుంది. మొదటిది ఎక్కువైతే కొనాలి. రెండోదైతే ర్యాకులు సర్దాలి, రూపాయి ఖర్చు లేదు. మూడోదైతే అదనపు కాపీలు తెప్పించాలి. ఐదోదైతే ఓరియంటేషన్ మళ్లీ పెట్టాలి. ‘పుస్తకాల విషయంలో 62 శాతం తృప్తి’ అని తేలితే రేపు పొద్దున్న ఎక్కడ చెయ్యి పెడతారు?

సిబ్బంది గురించి కూడా అంతే. “మర్యాదగా ఉన్నారా?” అంటే కౌంటర్‌లో ఉన్న మనిషి గుర్తొచ్చి జంకుతారు. “ఈ సెమిస్టరులో కౌంటర్ దగ్గర సాయం అడిగారా? పని అయిందా?” అనండి. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ నాలుగో సూత్రం పాఠకుడి సమయం ఆదా చేయమంది కదా, దాన్నే ప్రశ్న చేసి “ఎంతసేపు పట్టింది?” అని కూడా అడగొచ్చు.

ఆన్‌లైన్ జర్నల్స్ విషయంలో మూడు మెట్లుగా అడగండి: ఉన్నాయని తెలుసా, వాడారా, పని చేసిందా. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు వేల జర్నల్స్ తెరుచుకున్నాయి. ‘తెలియదు’ అన్నవాడి దగ్గర కూడా తృప్తికి మార్కులు అడిగి సగటులో కలిపేస్తే, మీరు కొలిచింది సేవ కాదు, ప్రచారం.

భాష సంగతి. ఫారం తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉండాలి. హైదరాబాదు చుట్టుపక్కల అవసరమైతే ఉర్దూ కూడా. కానీ ‘సమాచార పునఃప్రాప్తి సేవలు’ లాంటి మాటలు తెలుగు మీడియంలో చదివినవాడికీ అర్థం కావు. ‘ఓపాక్’ అన్నా చాలామందికి తెలియదు. ‘గేటు పక్కన పుస్తకం పేరు కొట్టి వెతికే కంప్యూటర్’ అని రాస్తే ఎవరూ ఆగి అడగరు.

మార్కుల వరుస ఐదు మెట్లు చాలు. ప్రతి మెట్టుకీ మాట రాయండి, ఒట్టి అంకెలు ఇవ్వొద్దు. ఇక్కడ ఒక చిక్కుంది. మధ్య మెట్టుకి చాలామంది ‘ఫర్వాలేదు’ అని రాస్తారు. ఒకరు దాన్ని ‘ఏదో నడుస్తోంది’ అనుకుంటారు, ఇంకొకరు ‘ఫర్వాలేదే, బాగానే ఉందే!’ అన్న మెచ్చుకోలుగా తీసుకుంటారు. మాట ఒకటే, మార్కులు రెండు. నేను ‘ఓ మోస్తరు’ వాడుతున్నాను. వరుస ఇదీ: అస్సలు బాగాలేదు, అంతగా బాగాలేదు, ఓ మోస్తరు, బాగుంది, చాలా బాగుంది. వీటికి దూరంగా, విడిగా ‘వాడలేదు’ గడి. ఈ ఆరోది మరిచిపోతే మిగతా ఐదూ దండగ.

లిబ్‌క్వాల్ ప్లస్ వాడొచ్చా అని అడిగేవాళ్లున్నారు. అమెరికా పరిశోధక గ్రంథాలయాల సంఘం, టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ కలిసి 2000లో మొదలుపెట్టిన లైబ్రరీ సర్వే పద్ధతి అది. ప్రధాన ప్రశ్నలు 22. ఒక్కోదానికి కనీసం ఎంత ఉండాలి, ఎంత ఉంటే బాగుంటుంది, ఇప్పుడెంత ఉంది అని మూడు విడివిడి మార్కులు, ఒక్కోటీ తొమ్మిదికి. ఆలోచన చాలా మంచిది. సీట్లకు కనీసం 6, కోరుకునేది 8, ఇప్పుడున్నది 5 అని వస్తే, కనీసానికే ఒక మెట్టు తక్కువగా ఉన్నామని వెంటనే తెలుస్తుంది. కానీ 22 ప్రశ్నలకు మూడేసి మార్కులంటే మన పిల్లలు సగంలోనే వదిలేస్తారు. ఐదు ముఖ్యమైన సేవలకు మాత్రం ఆ మూడు గడులు వాడుకోండి.

4. వంద రూపాయల ప్రశ్న

‘ఇది ముఖ్యమా?’ అని ఒక్కోటీ అడిగితే అన్నీ ముఖ్యమే అంటారు. ఎవరు కాదంటారు? ఎంచుకోక తప్పని పరిస్థితి పెట్టాలి. “లైబ్రరీ కోసం మీ చేతిలో వంద రూపాయలు పెడితే దేనికెంత ఇస్తారు?” కింద ఏడు అంశాలు: రాత్రి వేళలు, ఛార్జింగ్ పాయింట్లు, కొత్త ఎడిషన్ టెక్స్ట్‌బుక్కులు, పోటీ పరీక్షల పుస్తకాలు, వైఫై, టాయిలెట్లు, ఇంటి నుంచి జర్నల్స్ చదివే లాగిన్.

గూగుల్ ఫారంలో మొత్తం వంద అయిందో లేదో సరిచూడటం కష్టం. అక్కడ “ఈ ఏడింటిలో మూడు టిక్కు పెట్టండి, ఆ మూడింటిలో ఒక్కటే అయితే ఏది?” అని రెండు ప్రశ్నలు చేయండి. జవాబుల వరుస ఫారం ఫారానికీ మారేలా సెట్టింగ్ ఉంటుంది, ఆన్ చేయండి. లేకపోతే పైనున్నవాటికే ఓట్లు పడతాయి.

ఇంకో దారి నాకు బాగా నచ్చింది. గేటు దగ్గర ఏడు డబ్బాలు పెట్టి, వచ్చినవాళ్లకు తలా పది చింతపిక్కలిచ్చి పంచుకోమనండి. క్షణంలో అయిపోతుంది. మొదటిసారి గాజు సీసాలు పెట్టి దెబ్బతిన్నాను. మధ్యాహ్నానికి వైఫై సీసా నిండుగా కనిపించేసరికి ఆ తర్వాత వచ్చినవాళ్లూ అందులోనే వేశారు. లోపల ఏముందో కనబడని డబ్బాలే పెట్టండి. ఇందులో లైబ్రరీకి రానివాళ్లు ఉండరు కాబట్టి దీన్ని ఫారానికి తోడుగానే వాడండి.

5. పదిమందితో ట్రయల్

ఐదుగురు డిగ్రీ, పీజీ పిల్లలు, ఇద్దరు స్కాలర్లు, ఒక లెక్చరర్, లైబ్రరీకి అసలు రానివాళ్లు ఇద్దరు. పక్కన కూర్చుని నింపమనండి. పెన్ను ఎక్కడ ఆగిందో చూడండి, ఆ ప్రశ్న మార్చాలి. “ఈ ప్రశ్న మీకెలా అర్థమైంది?” అని వాళ్ల మాటల్లో చెప్పించండి. ఈ మెట్టు దాటేస్తే తర్వాత సరిదిద్దుకునే వీలుండదు.

6. ఎప్పుడు, ఎవరి చేత

ఇంటర్నల్ పరీక్షల వారం వద్దు. పెద్ద నోటిఫికేషన్ పడిన వెంటనే కూడా వద్దు, అప్పుడు హాల్లో జనమే వేరు. సెమిస్టరు మధ్యలో రెండు వారాలు తీసుకోండి. పొద్దున, సాయంత్రం, ఆదివారం, మూడూ రావాలి.

అన్నిటికంటే ముఖ్యం: నో డ్యూస్ సంతకానికి వచ్చినవాడి చేతిలో ఫారం పెట్టకండి. సంతకం మీ చేతిలో ఉన్నప్పుడు ఎవడు చెడ్డ రాస్తాడు? ఫారాలు కౌంటర్ సిబ్బంది ఇవ్వకూడదు, తీసుకోకూడదు. మడిచి పెట్టెలో వేసుకోవాలి. పేరు, రోల్ నంబరు, ఫోను అడగొద్దు. గూగుల్ ఫారంలో ఈమెయిల్ సేకరణ ఆఫ్ అయి ఉందో లేదో మీ ఫోన్ నుంచి ఒకసారి తెరిచి చూడండి.

7. ఫారాలు వడకట్టడం

ఒకసారి ఓ డిపార్ట్‌మెంట్ నుంచి నలభై ఫారాలొచ్చాయి. అన్నీ ఆకుపచ్చ ఇంకు, అన్నీ ‘చాలా బాగుంది’, టిక్కు తోక ఒకే వైపు. ఎవరో పుణ్యాత్ముడు ఒక్క సిట్టింగ్‌లో కానిచ్చేశాడు.

ఏవి తీసేయాలో లెక్క మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోండి: ఒకే చేతిరాత గుంపులు, ఒకే నిమిషంలో వచ్చిన అచ్చు ఒకేలాంటి జవాబులు, సగం కూడా నింపనివి. ఎన్ని తీశారో రిపోర్టులో రాయండి. తిట్లున్నాయని మాత్రం తీయొద్దు. అసలు ఫైలు కాపీ ఒకటి ముట్టుకోకుండా పక్కన పెట్టండి.

8. లెక్క కట్టడం

ఎక్సెల్‌లో గుంపుల వారీగా లెక్క తేల్చే పివట్ టేబుల్ చాలు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సగటు ఒక్కటే ఇవ్వకండి. సగం మంది 5, సగం మంది 1 ఇచ్చినా సగటు 3, అందరూ 3 ఇచ్చినా 3. కింది రెండు మెట్లలో ఎంత శాతం ఉన్నారో చెప్పండి. ‘వాడలేదు’ అన్నవాళ్లను తీసేశాకే శాతం కట్టాలి.

గుంపుల్ని గుడ్డిగా కలిపితే ఏమవుతుందో చూడండి. ఒక యూనివర్సిటీలో పీజీ పిల్లలు 3,600, స్కాలర్లు 400 అనుకుందాం. జవాబులు పీజీ నుంచి 200, స్కాలర్ల నుంచి 150. రాత్రి వేళలు కావాలన్నవాళ్లు పీజీలో 70 శాతం, స్కాలర్లలో 30 శాతం. అన్నీ కలిపేస్తే 350లో 185, అంటే దాదాపు 53 శాతం. కానీ క్యాంపస్‌లో నూటికి తొంభైమంది పీజీవాళ్లే కదా. ఆ లెక్కన 0.9 ఇంటూ 70, ప్లస్ 0.1 ఇంటూ 30, అంటే 66. రిజిస్ట్రార్ ముందు 53కీ 66కీ చాలా తేడా ఉంటుంది.

వంద రూపాయల ప్రశ్నలో మొత్తంతో పాటు ఎంతమంది వేశారో కూడా చూపండి. పదిమంది వందకి వంద వైఫైకి వేయడం వేరు, వందమంది తలా పది వేయడం వేరు.

9. నిజమేనా అని సరిచూసుకోవడం

జవాబుల్ని రికార్డులతో పోల్చండి. ‘వారానికి మూడుసార్లు వస్తాను’ అన్నవాళ్లు సగంమంది ఉండి, గేటు రిజిస్టరు దానికి దరిదాపుల్లో లేకపోతే, మీ నమూనాలో లైబ్రరీ అలవాటున్నవాళ్లే ఎక్కువ పడ్డారన్నమాట. జవాబుల్ని ఏదో ఒక వరుసలో రెండు సగాలు చేసి రెండిట్లోనూ మొదటి మూడు ప్రాధాన్యాలు ఒకటేనా చూడండి. రాతపూర్వక వ్యాఖ్యల్ని ఇద్దరు విడివిడిగా వర్గాలు చేసి, తర్వాత పోల్చుకోవాలి.

ఆపైన లేచి వెళ్లి కళ్లతో చూడండి. ఒక సర్వేలో ‘కుర్చీలు చాలడం లేదు’ అన్నది పైన తేలింది. కొనడానికి ఇండెంట్ రాసేముందు హాలు పటం గీసుకుని, మూడు రోజులు అరగంటకోసారి తిరిగి, ప్రతి కుర్చీకీ ఒక అక్షరం వేశాం. ‘మ’ అంటే మనిషి, ‘సం’ అంటే సంచి, ‘ఖా’ అంటే ఖాళీ. పదకొండు గంటల పటంలో కిటికీ పక్క వరుస నిండా ‘సం’, ‘సం’, ‘సం’. పొద్దున్నే వచ్చి పుస్తకం పెట్టి టిఫిన్‌కి వెళ్లినవాళ్లు మధ్యాహ్నానికి గానీ రాలేదు. పిల్లలు చెప్పింది నిజమే, కుర్చీ దొరకడం లేదు. కానీ మందు కొత్త కుర్చీలు కాదు. మనిషి లేని సీటు మీద టైము రాసిన చీటీ పెట్టి, నలభై ఐదు నిమిషాలు దాటితే సామాను కౌంటర్‌కి చేర్చడం మొదలుపెట్టాం. మొదటి వారం గొడవలయ్యాయి, తర్వాత సద్దుమణిగింది.

10. ఫలితం ఎక్కడ పెట్టాలి

రిపోర్టు ఫైల్లో, కాగితం గేటు దగ్గర. మూడు వరుసలు చాలు: మీరు అడిగింది, మేం చేసింది, చేయలేనిది ఎందుకో. సర్వే ముగిసిన నెల లోపు ఏదో ఒక చిన్న పని చేసి చూపించండి, నాలుగు ఛార్జింగ్ పాయింట్లయినా సరే.

వచ్చే ఏడాదితో పోల్చాలంటే కనీసం ఆరు ప్రశ్నలు అక్షరం మారకుండా అలాగే ఉంచండి. అసలు ఫైలు, ఫారం ప్రింటు, ఎప్పుడు చేశారో, ఆ వారం ఏం జరుగుతోందో రాసిన చిన్న నోటు, మూడూ రెండుచోట్ల దాచండి. మీ సొంత జీమెయిల్‌లో కాదు, ఆఫీసు ఐడీలో. మీకు ట్రాన్స్‌ఫర్ అయితే తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ నాకు ఫోన్ చేసి ఫారం అడుగుతారు.